అనంతపురం ఎండలో తొమ్మిది రోజులు: పరుగు, సైకిల్ వాళ్లకు ట్రైనింగ్ సెలవు ప్లాన్

బెంగళూరు చల్లదనంలో నేను కబుర్లు చెప్పుకుంటూ కిలోమీటరును ఆరు నిమిషాల్లో పరిగెత్తగలను. మార్చిలో సొంతూరు అనంతపురం వచ్చిన మొదటి సాయంత్రం, గుండె వేగం అంతే ఉంచితే అదే కిలోమీటరుకు ఆరు నిమిషాల యాభై సెకన్లు పడుతుంది. ఎనిమిదో రోజుకు ఆరు ఇరవైకి దిగుతుంది. ఈ మధ్యలో నేను పెద్దగా కష్టపడేదేమీ ఉండదు. ఎండలో మెల్లగా తిరుగుతాను, ఉప్పేసిన మజ్జిగ తాగుతాను, మధ్యాహ్నాలు పడుకుంటాను.

ఒంటికి ఎండ అలవాటు చేసే ఇలాంటి సెలవులో పని చేసేది ఎండ. దానికి అడ్డం పడకుండా ఉండటమే మన పని. చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు. లీవు పెట్టి వచ్చాం కదా, ఊరికే కూర్చుంటామా అని మొదటి రోజు నుంచే కిలోమీటర్లు కుమ్మేస్తారు, మూడో రోజుకు మంచం ఎక్కుతారు. నేనూ ఎక్కినవాణ్నే, ఆ కథ కింద చెబుతాను.

రెండు వారాంతాలు, మధ్యలో ఐదు లీవులు కలిపితే తొమ్మిది రోజులవుతుంది. ఈ ప్లాన్ ఆ లెక్క మీదే రాశాను. ఇప్పటికే గంటసేపు ఆగకుండా పరిగెత్తగలిగినవాళ్లకు, లేదా మూడు గంటలు సైకిల్ తొక్కగలిగినవాళ్లకు ఇది పనికొస్తుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు కాదు.

ఎండ ఒంట్లో ఏం చేస్తుందంటే

వేడిలో పరిగెత్తేటప్పుడు గుండెకు రెండు పనులు పడతాయి. కండరాలకు రక్తం పంపాలి, ఒళ్లు చల్లబడటానికి చర్మానికీ పంపాలి. అందుకే అదే వేగానికి గుండె ఎక్కువ కొట్టుకుంటుంది. రోజూ ఓ గంట, గంటన్నర అలా వేడెక్కుతూ ఉంటే మూడు నాలుగు రోజుల్లోనే రక్తంలో నీటి భాగం, అంటే ప్లాస్మా, పెరుగుతుంది. దాంతో గుండెకు ఊపిరి ఆడుతుంది. ఆ తర్వాత చెమట తొందరగా పట్టడం, ఎక్కువ పట్టడం మొదలవుతుంది. ఆ చెమటలో ఉప్పు కూడా తగ్గుతుంది. మొదటి రోజు నల్ల టీషర్టు మీద తెల్లటి చారలు ముగ్గేసినట్టు కనిపిస్తాయి. వారం తర్వాత అదే చొక్కా చూడండి, చారలు పలచబడి ఉంటాయి.

పూర్తిగా అలవాటు కావడానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. తొమ్మిది రోజుల్లో అందులో పెద్ద భాగం చేతికొస్తుంది.

ఎప్పుడు రావాలి, ఎక్కడ దిగాలి

ఫిబ్రవరి రెండో సగం, మార్చి మొదటి సగం. అప్పుడు అనంతపురంలో పగలు 34 నుంచి 37 డిగ్రీల మధ్య ఉంటుంది, తెల్లవారుజామున 20 చుట్టుపక్కలకు దిగుతుంది. రెండూ కావాలి. సాయంత్రం ఎండ శిక్షణకు, తెల్లవారి చల్లదనం నిద్రకూ, దూరం ఎక్కువుండే పరుగుకు, అంటే లాంగ్ రన్‌కూ. జనవరిలో ఎండ చాలదు. ఏప్రిల్, మే నెలల్లో 40 దాటే రోజులుంటాయి, అది బయటివాళ్లు మొదటిసారి వచ్చే కాలం కాదు. ఎంత అనుభవం ఉన్నా, ఆంధ్రప్రదేశ్ విపత్తుల నిర్వహణ సంస్థ మండలాలవారీగా ఇచ్చే వడగాడ్పుల హెచ్చరికలో మీరున్న మండలం పేరు ఉంటే ఆ రోజు సెలవే.

కడప, కర్నూలు కాకుండా అనంతపురమే ఎందుకని అడగొచ్చు. సొంతూరి మీద పక్షపాతం కొంత ఉంది, ఒప్పుకుంటాను. కానీ అసలు కారణం రాత్రులు. కడప సముద్ర మట్టానికి 140 మీటర్ల ఎత్తులో కొండల మధ్య ఉంది. అక్కడ రాత్రి కూడా గోడలు వేడి కక్కుతుంటాయి. అనంతపురం 300 మీటర్లకు పైన, విశాలమైన మైదానంలో ఉంది కాబట్టి పొద్దుగూకితే గాలి చల్లబడుతుంది. పైగా ఇది వర్షచ్ఛాయలో, అంటే కొండలు వాన మేఘాలను అడ్డుకునే చోట, ఉన్న నేల. ఏడాదికి కురిసేది 550 మిల్లీమీటర్ల దగ్గరే, అదీ ఎక్కువగా జూన్ తర్వాతే. ఫిబ్రవరి, మార్చిల్లో వాన వల్ల ప్లాన్ చెడటం చాలా అరుదు.

బెంగళూరు నుంచి 210 కిలోమీటర్లు, హైదరాబాదు నుంచి 360. రెండు వైపులా 44వ నంబరు జాతీయ రహదారి, రైళ్లూ ఉన్నాయి. టవర్ క్లాక్, సప్తగిరి సర్కిల్ చుట్టుపక్కల లాడ్జీలకు కొదవలేదు. రూమ్ తీసుకునేటప్పుడు మూడు చూడండి: ఏసీ పనిచేస్తోందా, పై అంతస్తు కాకుండా కింది అంతస్తులో దొరుకుతుందా, సైకిల్ లోపల పెట్టనిస్తారా. పై అంతస్తు శ్లాబు రాత్రి పదకొండింటికి కూడా పెనంలా ఉంటుంది. ఏసీలో పడుకుంటే ఎండ అలవాటు పోతుందేమోనని భయపడకండి. రోజుకు గంటన్నర వేడి చాలు. మిగతా టైమంతా ఒళ్లు చల్లగా ఉంటేనే మంచిది.

బయల్దేరే ముందు

బీపీకి నీరు పోయే మాత్రలు వాడేవాళ్లు, షుగరు ఉన్నవాళ్లు, గుండె, కిడ్నీ సమస్యలున్నవాళ్లు డాక్టరును అడగకుండా రావద్దు. గత రెండు మూడు వారాల్లో జ్వరం వచ్చి తగ్గినవాళ్లు వాయిదా వేసుకోండి.

వచ్చే ముందు వారం శిక్షణను సగానికి తగ్గించండి. అలసిన ఒంటితో ఎండలోకి దిగితే లాభం కన్నా నష్టమే ఎక్కువ.

సంచిలో పెట్టుకోవాల్సినవి: పలచటి ఫుల్ హ్యాండ్స్ టీషర్టులు మూడు, అంచున్న టోపీ, చల్లద్దాలు, సన్‌స్క్రీన్, రాపిడికి వాజలీన్, రెండు నూలు తువ్వాళ్లు, ఓఆర్ఎస్ పొడి ప్యాకెట్లు ఇరవై, ఒక చిన్న డిజిటల్ తూకం యంత్రం. వేడికి పాదాలు ఉబ్బుతాయి, బిగుతు బూట్లు ఇంట్లోనే వదిలేయండి. సైకిల్ వాళ్లు ట్యూబులు రెండు కాదు, నాలుగు తెచ్చుకోండి. ఎందుకో పల్లేరుకాయ చెబుతుంది. రోడ్డు అంచున పాకే చిన్న పసుపుపచ్చ పూల తీగ కాయ అది. ఎండితే ఎటు పడేసినా ఒక ముల్లు పైకే నిలబడుతుంది. మూత్రానికని సైకిల్ రోడ్డు దించి పది అడుగులు మట్టిలో నడిపించినందుకు నాకు ఒకేసారి రెండు చక్రాలూ పోయాయి. ఇక్కడ సైకిల్ దిగితే భుజాన ఎత్తుకోవడమే.

మొదటి నాలుగు రోజులు: తగ్గి ఉండండి

కొన్నేళ్ల కిందట ఏప్రిల్ మొదట్లో వచ్చాను. రాత్రి బస్సు దిగి, రెండు ఇడ్లీలు తిని, ఎనిమిదిన్నరకు పన్నెండు కిలోమీటర్ల టెంపో రన్ (గట్టిగా, కానీ ఆగకుండా నిలుపుకోగల వేగంతో పరుగు) మొదలుపెట్టాను. పుట్టి పెరిగిన ఊరే కదా, ఎండ నాకేం చేస్తుందిలే అనుకున్నాను. ఏడో కిలోమీటరులో చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. అంత ఎండలో చలి! అదేంటో అర్థమయ్యేలోపే కాళ్లు తడబడ్డాయి. రోడ్డు పక్క వేపచెట్టు కింద కూలబడ్డాను. గొర్రెలు తోలుకొస్తున్న పెద్దాయన వచ్చి నిలబడి, ‘ఏం నాయనా, ఎవురన్నా ఎంటపడినారా?’ అన్నాడు. లేదని తలూపాను. ‘మరి ఈ ఎండలో యాడికి పరిగెత్తేది?’ అంటూ తన బాటిల్లో నీళ్లు సగం నా తల మీద పోసి, సగం తాగమన్నాడు. తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి తడిపి నా మెడ మీద వేశాడు. ప్రథమ చికిత్స పుస్తకాల్లో రాసింది కూడా ఇదే వరసలో ఉంటుంది.

ఈ ఊరి చేలల్లో పని చేసేవాళ్లను ఒకసారి గమనించండి. తెల్లారకముందే దిగుతారు, పదిన్నర, పదకొండుకు చెట్టు కిందికి చేరతారు, అంబలో మజ్జిగో తాగుతారు, మళ్లీ పొద్దు వాలాక లేస్తారు. ఒంటి నిండా బట్ట, తలకు తువ్వాలు. మన ప్లాన్ కూడా దీని నుంచే వచ్చింది.

మొదటి రోజు, శనివారం: ప్రయాణం. సాయంత్రం ఐదింటికి నలభై నిమిషాల నడక, అంతే. పరిగెత్తాలనిపిస్తే బూట్లు రూమ్‌లో వదిలి చెప్పులతో వెళ్లండి.

రెండు, మూడు, నాలుగు రోజులు: సాయంత్రం నాలుగున్నరకు మొదలుపెట్టండి. రెండో రోజు నలభై ఐదు నిమిషాలు, మూడో రోజు గంట, నాలుగో రోజు గంటా పావు. వేగం చూడొద్దు. వాచీలో పేస్ (కిలోమీటరుకు పట్టే టైము) కనబడే స్క్రీనే తీసేయండి. గుండె వేగం మీ మామూలు తేలిక పరుగుకు ఎంత ఉంటుందో అంతే ఉంచండి. అది దాటితే నడవండి, దిగాక మళ్లీ పరిగెత్తండి. రెండో రోజు సగం నడకే అవుతుంది. అవమానంగా అనిపిస్తుంది. పక్కన ఆర్ట్స్ కాలేజీ గ్రౌండులో వాకింగ్‌కు వచ్చిన పెద్దమ్మలు దాటుకుని వెళ్లిపోతారు. వెళ్లనివ్వండి.

ఉదయం పూట ఈ మూడు రోజులూ ఇరవై ముప్పై నిమిషాలు ఒళ్లు సాగదీయడం, లేదా మెల్లగా సైకిల్ తొక్కడం. మధ్యాహ్నం ఒంటి గంట నుంచి మూడు దాకా పడక. ఆఫీసు ఫోన్లు ఎత్తితే ఈ రెండు గంటలు పోతాయి. నా లెక్కలో ఈ సెలవు చెడిపోవడానికి ఎండ తర్వాత రెండో కారణం ఫోనే.

నీళ్లు, ఉప్పు, తూకం యంత్రం

మూడో రోజు ఒక లెక్క వేసుకోండి. సెషన్ ముందు మూత్రానికి వెళ్లొచ్చి, బట్టలు లేకుండా బరువు చూసుకోండి. వచ్చాక తువ్వాలుతో తుడుచుకుని మళ్లీ చూసుకోండి. నాకు ఒకసారి 62.4 నుంచి 61.3 కిలోలకు వచ్చింది. మధ్యలో 400 మిల్లీలీటర్లు తాగాను. అంటే 1.1 కిలోకు 0.4 కలిపితే, ఆ గంటలో ఒకటిన్నర లీటరు చెమట. బెంగళూరులో నాకు అందులో సగం కూడా పోదు. పొడిగాలికి చెమట పట్టినట్టే ఆరిపోతుంది కాబట్టి, ఒళ్లు తడిగా లేదు, నీళ్లెందుకులే అనిపిస్తుంది. ఈ ఊరి ఎండ మోసం అదే.

సెషన్ ముగిసేసరికి ఒంటి బరువులో రెండు శాతం కన్నా ఎక్కువ తగ్గకుండా తాగడం గురి. పోయినదంతా పరిగెత్తుతూనే తాగేయాలని చూడొద్దు, కడుపు ఒప్పుకోదు. మిగతాది తర్వాతి మూడు నాలుగు గంటల్లో, తిండితో, ఉప్పుతో కలిపి మెల్లగా. పోయి వచ్చాక బరువు పెరిగి కనిపిస్తే అతిగా తాగారని అర్థం. ఉత్త నీళ్లు లీటర్లకొద్దీ పట్టిస్తే రక్తంలో సోడియం పడిపోతుంది. తలనొప్పి, వాంతులు, అయోమయం వస్తాయి. జనం అది కూడా వడదెబ్బే అనుకుని ఇంకా నీళ్లు తాగిస్తారు. ఆ పొరపాటు ప్రాణం మీదికి తెస్తుంది.

ఓఆర్ఎస్ కొనేటప్పుడు డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని రాసున్న పొడి ప్యాకెట్ అడగండి. లీటరు ప్యాకెట్‌ను లీటరు నీళ్లలోనే కలపాలి. చిన్న బాటిల్లో చిక్కగా కలిపితే కడుపులో తిప్పుతుంది. షాపులో పైన వేలాడే తియ్యటి టెట్రా ప్యాకులు అది కాదు. రోజుకు ఒక లీటరు ఓఆర్ఎస్, రెండు మూడు గ్లాసుల ఉప్పు మజ్జిగ, మిగతాది నీళ్లు. నాకు సరిపోయే పాళ్లు ఇవి, మీ తూకం మీ పాళ్లు చెబుతుంది. ఉదయం మొదటి మూత్రం లేత పసుపులో ఉంటే చాలు, నీళ్లలా తెల్లగా ఉండనక్కర్లేదు.

ఇక్కడి బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ, పాతకాలం నుంచీ ఉన్న బాధే. 1990లలో సత్యసాయి తాగునీటి పథకం వందల పల్లెలకు నీళ్లు తెచ్చింది అందుకే. దారిలో పల్లెల్లో ‘సత్యసాయి నీళ్లు’ అని అడిగితే కొళాయి చూపిస్తారు. రూముకు మాత్రం ఇరవై లీటర్ల క్యాన్ తెప్పించుకోండి. నీళ్ల విషయంలో సీమ ఎవరినీ వదల్లేదు. మద్రాసు గవర్నరు థామస్ మన్రో అంతటివాడు 1827లో పత్తికొండలో కలరాతోనే పోయాడు, మొదట పూడ్చింది గుత్తిలో.

పరుగు ముందు గానీ తర్వాత గానీ నొప్పి మాత్రలు వేసుకోవద్దు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఐబూప్రొఫెన్ లాంటివి కిడ్నీల మీద పడతాయి.

తిండి

ఈ ఊళ్లో తిండికి లోటు లేదు. ఉదయం సెషన్ అయ్యాక ఉగ్గాని తినండి. బొరుగులు (మరమరాలు) నానబెట్టి, నీళ్లు పిండేసి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి తాలింపులో వేసి, పప్పుల పొడి చల్లుతారు. తేలిగ్గా అరుగుతుంది, పిండి పదార్థం, ఉప్పు రెండూ అందుతాయి. పక్కన పెట్టే మిరపకాయ బజ్జీని మాత్రం పరుగు ముందు ముట్టుకోవద్దు, తర్వాత మీ ఇష్టం. మధ్యాహ్నం రాగి సంగటి, పప్పు, శెనక్కాయల చెట్నీ, పెరుగు. సంగటి తిన్నాక నిద్ర దానంతటదే వస్తుంది. ఎండలో ఆకలి చచ్చిపోతుంది కాబట్టి ఆకలి వేసినప్పుడు తిందామని ఆగకండి, టైముకు తినండి. చీనీ కాయలకు, అంటే బత్తాయిలకు, ఈ జిల్లా పెట్టింది పేరు. ఐస్ వేయకుండా, మీ కళ్లముందే రసం తీయించుకుని చిటికెడు ఉప్పు వేయించుకోండి. సాయంత్రాలకు నన్నారి షర్బత్ ఉంది. అందులో చక్కెర తప్ప బలమేమీ లేదు, అయినా నేను మానను.

ఐదో రోజు నుంచి ఎనిమిది దాకా

ఐదో రోజు పూర్తి విశ్రాంతి. ఊరికే కూర్చోలేనివాళ్లు కారు మాట్లాడుకుని తాడిపత్రి పోయి పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుడి గుడి చూసి రండి. బెలుం గుహలకు పోవాలంటే పొండి గానీ, 3,229 మీటర్ల ఆ గుహల్లో లోపలికి పోయేకొద్దీ ఉక్క ఉంటుంది. దాన్ని విశ్రాంతి అనలేం.

ఆరో రోజు, గురువారం: తెల్లవారి ఐదింటికి లాంగ్ రన్. ఎంత దూరం అంటే, మీ మామూలు లాంగ్ రన్‌లో ముప్పాతిక వంతు. చివరి నలభై నిమిషాలు ఎండ పడేలా టైము చూసుకోండి. సైకిల్ వాళ్లు తాడిపత్రి రోడ్డు పట్టండి. పోను రాను 110 కిలోమీటర్ల పైనే. ఎనిమిది దాటితే సిమెంటు లారీలు, బండల లారీలు పెరుగుతాయి, ఆలోపు తిరుగు దారిలో ఉండాలి. సాయంత్రం ఏమీ వద్దు.

ఏడో రోజు: సాయంత్రం ఐదింటికి అరగంట తేలిక నడక, పరుగు.

ఎనిమిదో రోజు: ఇక్కడ మాత్రం కాస్త గట్టిగా. సాయంత్రం నాలుగున్నరకు పదిహేను నిమిషాలు మెల్లగా, తర్వాత ఎనిమిది నిమిషాల చొప్పున మూడుసార్లు టెంపో, మధ్యలో నాలుగేసి నిమిషాలు నడక. వేగం కాదు, ఒంటి శ్రమ చూసుకోండి. రెండోసారికే గుండె వేగం అదుపు తప్పితే మూడోది వదిలేయండి. కొండ ఎక్కడం ఇష్టమున్నవాళ్లు దీని బదులు తెల్లవారి గుత్తి కోట ఎక్కవచ్చు. యాభై కిలోమీటర్ల దూరం. రాతి బాట, మెట్లు, ఎక్కేటప్పుడు తొడలు, దిగేటప్పుడు మోకాళ్లు. రెండుసార్లు ఎక్కితే చాలు. తొమ్మిది దాటితే ఆ బండ కింద నుంచీ కాలుస్తుంది.

తొమ్మిదో రోజు, ఆదివారం: ఉదయం అరగంట, తర్వాత బండి ఎక్కడం.

ఎక్కడ పరిగెత్తాలి

ఊళ్లో ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్, నీలం సంజీవరెడ్డి స్టేడియం ఉదయం ఐదు నుంచే సందడిగా ఉంటాయి. ఒంటరిగా వచ్చిన ఆడవాళ్లకు ఇవే మేలు. 2024లో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు జరిగిన ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) మైదానాలు కూడా ఊరి పక్కనే ఉన్నాయి. అక్కడ పిల్లల అకాడమీలు నడుస్తాయి, అడిగి, ఒప్పుకుంటేనే వెళ్లాలి. కొంచెం దూరం కావాలంటే బుక్కరాయసముద్రం చెరువు వైపు. జాతీయ రహదారి సర్వీస్ రోడ్డు చూడటానికి బాగుంటుంది గానీ, ఎదురు దిశలో వచ్చే ట్రాక్టర్లకు లైట్లుండవు. పల్లె దారుల్లో ఆరబోసిన పంట మీదుగా సైకిల్ పోనివ్వొద్దు, దిగి పక్కగా నడవండి. కుక్కలు వెంటబడితే ఆగి, దిగి, సైకిల్‌ను మధ్యలో అడ్డం పెట్టుకోండి. ‘పో’ అని గట్టిగా అంటే చాలావరకు పోతాయి.

ఆగిపోవాల్సిన గుర్తులు

ఎండలో చలి, రోమాలు నిక్కబొడుచుకోవడం, తల తిరగడం, వికారం: వెంటనే ఆపి నీడకు చేరండి. మాట తడబడటం, ఎక్కడున్నామో తెలియకపోవడం, నడక వంకరపోవడం: ఇది వడదెబ్బ. చెమట పడుతోంది కదా, వడదెబ్బ కాదులే అనుకోవద్దు. పరుగు మీద వచ్చే వడదెబ్బలో ఒళ్లు తడిగానే ఉండొచ్చు. ముందు చల్లబరచండి, తర్వాతే ఆస్పత్రి. తొట్టి ఉంటే మెడ దాకా నీళ్లలో కూర్చోబెట్టండి. లేకపోతే బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లు పోస్తూ విసరండి. పక్కవాళ్లు 108కి ఫోన్ చేయాలి. తెలివిలో లేని మనిషి నోట్లో నీళ్లు పోయొద్దు. అందుకే సాయంత్రం సెషన్‌కు ఒక్కరే వెళ్లకండి. జత లేకపోతే ఊరవతలకు పోకుండా గ్రౌండులోనే తిరగండి.

తిరిగి వెళ్లాక

ఎండకు దూరమైన ప్రతి రెండు రోజులకూ ఒక రోజు సంపాదన పోతుందని ఒక మోటు లెక్క ఉంది. కాబట్టి రేసుకు వారం, పది రోజుల ముందు ఈ సెలవు ముగిసేలా చూసుకుంటే మంచిది. మధ్యలో వారానికి రెండుసార్లు మిట్టమధ్యాహ్నం నలభై నిమిషాలు పరిగెత్తండి. మీ రేసు చెన్నైలోనో విశాఖలోనో అయితే ఇంకొకటి గుర్తుంచుకోవాలి. మనం అలవాటు పడింది పొడి వేడికి, అక్కడిది ఉక్క. రక్తం, గుండె మార్పులు అక్కడా పనికొస్తాయి గానీ, చెమట ఆరదు కాబట్టి వేగం ఇంకా తగ్గించే మొదలుపెట్టాలి.

వెళ్లిన మర్నాడు సైకిల్‌ను తలకిందులుగా నిలబెట్టి, చక్రం మెల్లగా తిప్పుతూ టైరు మీద వేలు పోనిచ్చి చూడండి. గాలి దిగకపోయినా, రబ్బరులో విరిగి ఇరుక్కున్న పల్లేరు ముళ్లు రెండు మూడైనా దొరుకుతాయి. పిన్నీసుతో లాగేయండి.